ఒకే గాజుపెట్టెలో పెరిగినవి

పాత పంచాంగం పదో నెల, ఎనిమిది

నా పేరు ల్యావ్ సిమ్ బోంగ్-యో. ల్యావ్ మొగుడి ఇంటిపేరు, సిమ్ పుట్టింటిది. బోంగ్-యో అంటే 'సరేలే, పెంచుదాం' అని. మూడోదీ ఆడపిల్లే పుట్టిందని మా నాన్న పెట్టిన పేరు. వయసు ఎనభై రెండు. చదువు లేదు. యున్‌లిన్ జిల్లాలో చక్కెర మిల్లు వెనక సందులో ఇల్లు. ఇంట్లో మొగుడు ల్యావ్ హే-తో, ఎనభై అయిదు, మిల్లు చెరకు రైలు నడిపి రిటైరయ్యాడు. కొడుకు కియన్-హోంగ్ స్కూటర్లు బాగుచేస్తాడు. కోడలు లీ-ఖిమ్. ఇంకా రెండు పాములు.

చెబుతున్నది నేను, రాస్తున్నది ఎదురింటి ఖూ టీచరమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయాలి, అందం చెయ్యకూడదు, ఎవరికీ చదివి వినిపించకూడదు. ఒప్పుకుంది. ఇన్నేళ్ళుగా నేను ఊరబెట్టిన ముల్లంగే తింటోంది, ఒప్పుకోక ఏం చేస్తుంది.

ఎందుకు రాయిస్తున్నానంటే, ఇవాళ పొద్దున ఆ పాముల్ని విడదీశాను. మధ్యాహ్నానికల్లా సందులో అందరికీ నేను కసాయిదాన్నయ్యాను. నా వైపు మాట ఎక్కడో ఒకచోట ఉండాలి.

పాములు ఆయనవి. నాకు పాములంటే అసహ్యం. రిటైరయ్యాక ఊసుపోక పక్షుల సంతలో రెండు పిల్లపాముల్ని కొన్నాడు. వేలంత ఉండేవి, విషం లేనివి, మండే బొగ్గు రంగు. మగదానికి చెరకు అని, ఆడదానికి బెల్లం అని పేర్లు పెట్టాడు. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగితే మంచి జంటవుతాయని ఒకే గాజుపెట్టెలో వేశాడు. ఇప్పుడు మనిషి చెయ్యంత పొడుగున్నాయి. గుడ్లు మాత్రం లేవు. ఏడాదికేడాది వసంతం రాగానే ఆయన కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చోవడం, అవి చెరో మూల పడుకోవడం.

మొన్న వేసవిలో ఆయన స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి విరిగింది. గుండె కూడా బలహీనంగా ఉందని, వచ్చే వేసవి చూస్తే అదృష్టమేనని డాక్టరు కొడుకుని పక్కకి పిలిచి చెప్పాడు. పక్కకి పిలిచినంత మాత్రాన ముసలాడికి వినపడదా? ఇంటికొచ్చాక ఒకటే అడిగాడు. "ఒక్కసారి ఆ గుడ్లు చూస్తే చాలు." కొడుకుని కాదు, కోడల్ని కాదు, నన్నడిగాడు.

అందుకే విడదీశాను. మిగతాది తర్వాత. నోరు ఎండిపోయింది.

పదో నెల, తొమ్మిది

లీ-ఖిమ్ అన్న మాటలు ఇవీ:

"అత్తయ్యా, మామయ్యకి ఉన్న ఒక్క సరదా అవి పక్కపక్కన పడుకుంటే చూసుకోవడం. మంచాన పడ్డ మనిషి దగ్గర అది కూడా లాక్కుంటారా?"

"గుడ్లు కావాలన్నది మీ మామ."

"గుడ్లు కావాలంటే కలపాలి గానీ విడదీస్తారా ఎవరైనా?"

"నీకు తెలీదు."

"చెప్పండి, తెలుసుకుంటాను."

అంట్లు తోముతున్నానని కుళాయి పెద్దది చేశాను.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిగితే పదేళ్ళప్పుడూ అలాగే పడుకునేవాడు.

పదో నెల, పదమూడు

కియన్-హోంగ్ పాములు అమ్మే తై అనేవాణ్ణి తీసుకొచ్చాడు. మెళ్ళో లావుపాటి బంగారు గొలుసు, చేతినిండా పాత కాట్లు. పెట్టె చూశాడు, నవ్వాడు.

"ఇంత విశాలంగా ఉంటే ఇంతే అమ్మమ్మా. ఓ ఇరుకు డబ్బా తీసుకో. రెండింటినీ అందులో వేసి మూత బిగించి, చీకట్లో పెట్టు. పక్కకి జరగడానికి చోటుండదు. అవే దారికొస్తాయి."

"నిన్నూ మీ అత్తనీ ఆ డబ్బాలో పెట్టి మూత బిగిస్తే దారికొస్తారా?" అన్నాను.

కియన్-హోంగ్ ముఖం ఎర్రబడింది. "అమ్మా! తై గారు ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు."

నేను అరవై ఏళ్ళుగా ఆ డబ్బాలో ఉన్నాను. ఇది పైకి అనలేదు. ఇక్కడ రాయి.

టీచరమ్మ కలం ఆపి నా వంక చూస్తోంది. చూడకమ్మా, రాయి.

పదో నెల, పదిహేను

పౌర్ణమి పూజకి గుడికి వెళ్ళి వచ్చేసరికి కొడుకు రెండింటినీ మళ్ళీ ఒకే పెట్టెలో వేశాడు. కూరల బుట్ట ఖాళీ చేసి, చెరకుని అందులో వేసుకుని, పైన తువ్వాలు కప్పి సందు దాటించాను. బస్సుస్టాపులో ఉన్నవాళ్ళందరూ చూశారు. తువ్వాలు కదులుతోంది మరి.

ఇప్పుడు చెరకు ఉన్నది ఖూ టీచరమ్మ సామాన్ల గదిలో, తాళం వేసి. తాళంచెవి నా మెళ్ళో ఉంది.

పదో నెల, పద్దెనిమిది

టీచరమ్మ తన ఫోనులో వెతికి చదివి వినిపించింది. ఈ జాతికి చలికాలం చలికాలంలాగే ఉండాలట. ముందు కొన్నాళ్ళు తిండి ఆపి కడుపు ఖాళీ చెయ్యాలి. తర్వాత పెట్టె కిందుండే కరెంటు వెచ్చటి పరుపు తీసేసి, చల్లగా, చీకటిగా ఉంచాలి. నీళ్ళు మాత్రం ఇవ్వాలి. ఆయనేమో ఏడాది పొడుగునా వెచ్చగా ఉంచి, అడక్కుండానే ఎలుక పెట్టాడు.

"అంటే చలీ, చీకటీ, ఆకలీ," అన్నాను. "నా కాపురమే కదా."

టీచరమ్మ నవ్వలేదు. నవ్వుతుందనుకున్నాను.

పదో నెల, ఇరవై ఆరు

తిండి ఆపాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకల సంచీ ఎన్నాళ్ళుంచుతారని లీ-ఖిమ్. నీ చేపల సంచీ ఎన్నాళ్ళుంచుతావని నేను.

పదకొండో నెల, ఆరు

బెల్లాన్ని మెట్ల కింద గదిలో పెట్టాను. ఆ గదికి ఎండ తగలదు, గచ్చు మంచులా ఉంటుంది. గోనెసంచీ కప్పాను. ఒకటి చాలలేదనిపించి ఇంకోటి కప్పి, మళ్ళీ ఎక్కువైందనిపించి దాన్ని తీసేశాను. ఇది పాము మీద ప్రేమ కాదు. పని ఒప్పుకున్నాక సరిగ్గా చెయ్యాలి, అంతే.

పదకొండో నెల, చలిపండగ

ఎర్రవీ తెల్లవీ బియ్యప్పిండి ఉండలు చేసి అల్లం పాకంలో వేశాను. ఈ ఉండలు తింటే ఒక ఏడు మీదపడ్డట్టే, కాబట్టి ఇక నాకు ఎనభై మూడు. ఆయన రెండు ఉండలు మింగి గిన్నె తోసేశాడు.

"అవి చచ్చిపోయాయి కదూ?" అన్నాడు. నెల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"బతికే ఉన్నాయి."

"నా మీద కోపం వాటి మీద తీర్చుకోకు, బోంగ్-యో."

నాకు ఆయన మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. ఆ మాటే అనబోయాను. ఇంతలో కియన్-హోంగ్ ఇంకో గిన్నె కావాలని కేకేశాడు.

పన్నెండో నెల, నాలుగు

మోకాళ్ళు. ఇవాళ సందు దాటడానికి రెండుసార్లు ఆగాను. చెరకుకి నీళ్ళు మార్చాను. రాయిలా పడి ఉంది. వేలితో తాకితే నాలుక బయటపెట్టింది. బతికే ఉంది.

పన్నెండో నెల, పదమూడు

రాయించడానికి ఏమీ లేదు. అలసిపోయాను.

పన్నెండో నెల, ఇరవై

ఆయనకి దగ్గు. పాముల మాట ఎత్తడం లేదు. అడిగినా బాగుండు.

సంవత్సరం ఆఖరి రోజు

పొద్దున్నే టీచరమ్మ ఇంటికి వచ్చాను. సాయంత్రం నుంచి వంటకే సరిపోతుంది. ఇవాళ్టిది పెద్దగా రాయాలి టీచరమ్మా, కలం చూసుకో.

నాకు మూడేళ్ళప్పుడు ల్యావ్ వాళ్ళు నన్ను తెచ్చుకున్నారు, పెంపుడు కోడలిగా. అంటే పసిదాన్ని తెచ్చి, కొడుకుతో పాటు పెంచి, ఈడొచ్చాక వాడికే కట్టబెట్టడం. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళలో ఇదే పద్ధతి. పెళ్ళి ఖర్చు ఉండదు, కోడలు ఇంటి పద్ధతిలో పెరుగుతుంది. మా ఇద్దరికీ ఒకే తొట్టిలో నీళ్ళు పోశారు. ఒకే చాప మీద తట్టు పోసింది. ఆయన ముక్కు తుడిచింది నేను, నాకు చెట్టెక్కడం నేర్పింది ఆయన. అన్నా అని పిలిచేదాన్ని.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇదే రోజున, భోజనాలయ్యాక మా అత్త ఇద్దరికీ కొత్త చొక్కాలిచ్చి ఒక గదిలోకి తోసింది. ఊరికే అనడం కాదు, ఆ తంతు పేరే తోసి జతచెయ్యడం. బయట గడియ పెట్టింది. ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు అలవాటుగా "అన్నా, గంజి తాగుదువు రా" అన్నాను. అత్త చెంప పగలగొట్టింది. ఆ మాట అనకూడదంది. మరి ఏమనాలో చెప్పలేదు. అప్పట్నుంచి 'ఇదిగో' అంటున్నాను.

అత్త పోరు పడలేక తర్వాత కొన్నిసార్లు ప్రయత్నం చేశాం. అన్నంలో వెంట్రుక వచ్చినట్టుండేది ఇద్దరికీ. మానేశాం. గర్భం చలవ చేసిందని అత్త నాచేత నల్లటి కషాయాలు తాగించింది. ఏళ్ళ తరబడి తాగాను. ఆయన అటు తిరిగి నిలబడేవాడు. చివరికి ఆయన తమ్ముడి రెండో కొడుకుని పెంచుకున్నాం. వాడే కియన్-హోంగ్. నేను గొడ్డుదాన్నని ఊరంతా ఖాయం చేసుకుంది. అవునో కాదో నాకే తెలీదు. తెలుసుకునే అవకాశమే రాలేదు కదా.

టీచరమ్మ కలం కింద పెట్టేసింది. ఎందుకు పెట్టావు? ఎత్తు. ఇంకా ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. ఒకసారి నాకు పన్నుపోటు వస్తే, చెరకు రైలు మా సందు చివర ఆపి, దిగి వచ్చి లవంగాలిచ్చి వెళ్ళాడు. మిల్లులో చీవాట్లు తిన్నాడు. ఇంతకంటే ఏ మొగుడు చేస్తాడు? అన్నలు చేస్తారు.

ఆ పిల్లపాముల్ని ఒకే పెట్టెలో వేసిన రోజే నాకు తెలుసు, వీటికి గుడ్లు పుట్టవని. ఆయనకి తెలీలేదు. తనని పెంచిన పద్ధతే వాటికీ పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. మా అత్తకీ మంచి ఉద్దేశమే.

ఇదంతా ఆయనకి చెప్పి విడదీయొచ్చు కదా అని టీచరమ్మ అడుగుతోంది. ఏమని చెప్పను? ఈ ఒక్కటి చెప్పాలంటే అదంతా చెప్పాలి.

వంకాయలు కొయ్యాలి. వెళ్తున్నాను.

మొదటి నెల, పదహారు

దీపాల పండగ నిన్న అయిపోయింది. ఆయన ఇంకా ఉన్నాడు.

రెండో నెల, మూడు

వెచ్చదనం కొద్దికొద్దిగా ఇస్తున్నాను. ముందు ఇంకో గోనెసంచీ, తర్వాత వెచ్చటి పరుపు. బెల్లానికి ఎలుక పెట్టాను. చిన్నది. వేడినీళ్ళలో కరిగించి, తోక పట్టుకుని ఊపాను. తీసుకోలేదు. నా చెయ్యి వణుకుతోంది, దాన్ని చూసి భయపడిందేమో.

రెండో నెల, ఏడు

తిన్నది!

రెండో నెల, ఇరవై ఒకటి

బెల్లం కుబుసం విడిచింది. తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా వచ్చింది. లీ-ఖిమ్ అరవకుండా దగ్గరికొచ్చి చూసింది.

"ఎంత మెరుస్తోంది అత్తయ్యా," అంది. "పెళ్ళికూతురిలా ఉంది."

"ఆ మాటొద్దు," అన్నాను.

"ఏ మాట?"

"పెళ్ళి మాట. దానికెవరూ పెళ్ళి చెయ్యడం లేదు. కలిసేదీ లేనిదీ దానిష్టం."

ఆ పిల్ల తెలివైనది. ఏదో సగం అర్థం చేసుకుంది. ఆ సాయంత్రం నేనడక్కుండానే నా దగ్గర తాళంచెవి తీసుకుని సందు దాటి వెళ్ళి చెరకుకి నీళ్ళు మార్చి వచ్చింది.

మూడో నెల, రెండు

ఖూ టీచరమ్మ సామాన్ల గది ఊడ్చి, కన్నాలన్నిటికీ గుడ్డలు కుక్కాం. ఒక గోడకి చెరకు పెట్టె, ఎదురుగోడకి బెల్లం పెట్టె పెట్టాను. రెండు మూతలూ తీశాను. గది తలుపు మాత్రం వేశాను, టీచరమ్మ పిల్లి మంచిది కాదు. వెళ్ళాలనుకున్నది వెళ్తుంది. లేకపోతే లేదు.

కియన్-హోంగ్ కిటికీ దగ్గర నిలబడి, "దాన్ని ఎత్తి దీని పెట్టెలో వేస్తే అయిపోయేదానికి ఇంత తతంగమా?" అన్నాడు.

"నీ పానా నువ్వు తిప్పుకో ఫో."

చెరకు బయటికొచ్చింది. గచ్చు మీద సగం దూరం వచ్చి ఆగింది. బెల్లం తల ఎత్తి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

మూడో నెల, నాలుగు

ఇవాళా అంతే. నేను తప్పేమో. పాములకి ఇవన్నీ ఏం తెలుస్తాయి. నా గోల తెచ్చి వాటి నెత్తిన పెట్టానేమో.

ఆయన అన్నం తినడం లేదు.

మూడో నెల, ఏడు

మధ్యాహ్నం వాన పడింది. ఉరుములు. కిటికీలోంచి చూస్తే రెండు పెట్టెలూ ఖాళీ. చీపుళ్ళ వెనక, గోడ వార, రెండూ ఉన్నాయి. చెరకు బెల్లం వీపు మీద గడ్డం ఆనించి, వెంబడే పాకుతోంది, వణుకుతోంది. బెల్లం పారిపోవడం లేదు. పోవాలంటే గదంతా ఉంది. ఆగింది. తోకలు పెనవేసుకున్నాయి.

"కియన్-హోంగ్! మీ నాన్నని తీసుకురా!" అని అరిచాను. సందంతా వినపడే ఉంటుంది. చక్రాల కుర్చీ వానలో తోసుకొచ్చారు, లీ-ఖిమ్ గొడుగు పట్టింది. ఆయన కిటికీకి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు.

"వేరుగా ఉంచినందుకా?" అన్నాడు చివరికి.

"అవును."

నా వంక చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. ఇద్దరం మళ్ళీ కిటికీలోకి చూశాం. అదే నయం.

నాలుగో నెల, పది

మళ్ళీ మా ఇంటికి తెచ్చాక బెల్లం లావెక్కింది. తోకకి ముందర గుడ్లు గట్టిగా, వరసగా తగులుతున్నాయి. నాచు తడిపి డబ్బాలో వేసి, పక్కన కన్నం పెట్టి ఇచ్చాను. కియన్-హోంగే కన్నం కోసి అంచులు గరుకుకాగితంతో రుద్దాడు. గీసుకుంటుందేమోనట.

నాలుగో నెల, ఇరవై రెండు

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు.

నాలుగో నెల, ఇరవై ఆరు

ఇంటికి తెచ్చేశారు. ఆయనే పట్టుబట్టాడు. మంచం ముందుగదిలో వేశాం. డాక్టరు ఈసారి ఎవర్నీ పక్కకి పిలవలేదు.

ఐదో నెల, మూడు

పొద్దున పండక్కి ఆకుల్లో బియ్యం మూటలు కడుతుంటే లీ-ఖిమ్ కేక. నాచు డబ్బాలో గుడ్లు. తెల్లగా, మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని. రెండు మాత్రం పసుపుపచ్చగా వడిలిపోయి ఉన్నాయి, అవి వేరే. మిగతావి నిండుగా ఉన్నాయి. బెల్లం వాటి చుట్టూ చుట్టుకుని, అలిసిపోయి, నన్ను చూసి కూడా తల ఎత్తలేదు.

డబ్బా తీసుకెళ్ళి ఆయన పొట్ట మీద పెట్టాను. రెండు చేతులూ డబ్బా చుట్టూ వేశాడు. గంజి అడిగాడు.

ఐదో నెల, పన్నెండు

గుడ్డు లోపల ప్రాణం ఉందో లేదో దీపం పెడితే తెలుస్తుందట. కియన్-హోంగ్ షెడ్డులోంచి టార్చి తెచ్చాడు. తెరలు వేసి, గుడ్డు కదలకుండా కింద వెలుగు పెట్టాడు. గుడ్డంతా నారింజ రంగులో వెలిగింది. లోపల సన్నటి ఎర్ర దారాలు.

"నాన్నా, కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అన్నాడు ఆయన. "ఎర్ర దారాలు. కనిపిస్తున్నాయిరా." తర్వాత, "మీరిద్దరూ వెళ్ళి ఏమన్నా తినండి," అన్నాడు.

వాళ్ళు వెళ్ళారు. నేను తెరలు తీయబోయాను. వద్దన్నాడు.

"మనల్ని కూడా అలా ఎదురెదురు ఇళ్ళలో పెంచి ఉంటే," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "నేను సందు దాటి వచ్చి నిన్ను అడిగేవాణ్ణి, బోంగ్-యో."

నాకు కోపం వచ్చింది. ఎక్కణ్ణించి వచ్చిందో, ఎవరి మీదో తెలీదు. ఇన్నేళ్ళలో నన్ను ఏ విషయమూ ఎవరూ అడిగింది లేదు. తెచ్చారు, పెంచారు, తోశారు, తాగించారు.

"అడిగేవాణ్ణి, అడిగేవాణ్ణి అని ఎందుకు," అన్నాను. "నోరుంది కదా. ఇప్పుడడుగు."

అడిగాడు.

నేను చెప్పాను. ఏం చెప్పానో టీచరమ్మ రాస్తానంటోంది. రాయొద్దు. అది ఒకరు అడిగిందానికి నేనిచ్చిన జవాబు, నా కేసు కాదు. నా కేసు ఇంతే: పాముల్ని నేను పగతో విడదీయలేదు. తలుపు తీసి ఉంచడానికి విడదీశాను. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

ఎర్రసిరా తెచ్చారు. వేలు పెడుతున్నాను.

ల్యావ్ సిమ్ బోంగ్-యో, కుడి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
ఖూ బీ-గియోక్, రిటైర్డ్ టీచరు, రాసినది నేనే.
ల్యావ్ త్సాన్ లీ-ఖిమ్, కోడలు. నాకు చదివి వినిపించలేదు, నేనూ అడగలేదు. అయినా సంతకం పెడుతున్నాను.